ధవళేశ్వరం కొండ మీద సూర్యోదయం: ఊరి మనిషి తోడుగా ఎలా వెళ్ళాలి

డెల్టాలో పుట్టి పెరిగినవాళ్ళం మన నేలని మొత్తంగా ఒక్కసారి కూడా చూడం. ఏటిగట్టు ఎక్కితే గోదారి కనిపిస్తుంది, దిగితే చేను కనిపిస్తుంది, చేను చివర కొబ్బరితోట అడ్డం వస్తుంది. అంతా చదునే. కాకినాడ నుంచి నరసాపురం దాకా బస్సులో వెళ్ళినా కిటికీలోంచి కనిపించేది పక్క పొలమే. అందుకే ఎవరైనా గోదావరి జిల్లాల్లో సూర్యోదయం ఎక్కడ బాగుంటుందని అడిగితే నేను సముద్రతీరం పేరు చెప్పను, ధవళేశ్వరం కొండ పేరు చెబుతాను. గోదావరి పాయలుగా చీలే చోట, డెల్టా మొదలయ్యే చోట, జనార్దన స్వామి గుడి ఉన్న చిన్న కొండ అది. ఒకవైపు రాజమండ్రి నగరం, ఒకవైపు ఆనకట్ట, మూడోవైపు కొబ్బరి చెట్ల తలలు సముద్రం దాకా పరుచుకున్న కోనసీమ.

నేను మొదటిసారి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆటో దొరక్క ఆలస్యమై, పైకి చేరేసరికి సూర్యుడు బాగా పైకి వచ్చేశాడు. తూర్పు వైపు తిరిగి ఫోన్‌లో ముప్పై ఫోటోలు తీసుకుని, పావుగంటలో దిగిపోయాను. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ ఒకేలా ఉన్నాయి: పొగమంచులో ఒక నారింజ రంగు చుక్క. రెండోసారి లాకుల దగ్గర లస్కరుగా, అంటే కాలువ గేట్లు చూసుకునే మనిషిగా, పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తోడొచ్చారు. సూర్యుడు రాగానే నేను ఫోన్ ఎత్తుతుంటే ఆయన నా భుజం మీద తట్టి, "అటు కాదమ్మా, ఇటు తిరుగు. సూర్యుణ్ణి ఎక్కడైనా చూడొచ్చు, ఆయన వెలుగు పడేది ఇక్కడే చూడాలి" అన్నారు. తిరిగి చూస్తే పడమటి వైపు గోదారి అంతా వెలిగిపోతోంది. గేట్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. అవతల విజ్జేశ్వరం ఒడ్డు మీద ముందుగా చెట్ల కొసలకి, తరవాత మొదళ్ళకి రంగు దిగుతోంది. ఆ రోజు నేర్చుకున్నవీ, తరవాత చాలాసార్లు బంధువుల్ని, స్నేహితుల్ని తీసుకెళ్ళి నేర్చుకున్నవీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఏ నెలలో వెళ్ళాలి

ముందు నెల నిర్ణయించుకోండి, తేదీ తరవాత. ఈ కొండ మీద నుంచి కనిపించేది నెల నెలకీ మారిపోతుంది.

నవంబరులో సార్వా (ఖరీఫ్) వరి పండి ఉంటుంది, చేలు పసుపు పచ్చగా ఉంటాయి. వానలు తగ్గి గాలి కడిగినట్టు ఉంటుంది కాబట్టి దూరం బాగా కనిపిస్తుంది. అయితే అది తుఫాన్ల కాలం కూడా. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వస్తే వాయిదా వేసుకోవడమే మంచిది. డిసెంబరు, జనవరి నెలల్లో అందరూ వెళ్తారు. నేను కొంచెం ఆలోచించమంటాను. సంక్రాంతి ముందు వెనకల్లో గోదారి మీద మంచు ఎంత దట్టంగా పడుతుందంటే, ఎనిమిదింటి దాకా ఎదురుగా ఉన్న మనిషి కూడా మసకగానే కనిపించే రోజులుంటాయి. దూరం నుంచి ఖర్చు పెట్టుకుని వచ్చేవాళ్ళు ఆ నెలల్లో ఒక్క రోజే పెట్టుకోకండి, రెండు పొద్దులు చేతిలో ఉంచుకోండి.

నన్ను అడిగితే ఫిబ్రవరి మొదటి పదిహేను రోజులు. మంచు పలచబడుతుంది, చలి ఇంకా హాయిగానే ఉంటుంది, దాళ్వా (రబీ) నాట్లు పూర్తయి చేలన్నీ లేత పచ్చగా ఉంటాయి. మార్చి దాటితే ఎండ ఏడున్నరకే మాడు మీదికి వచ్చేస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు పైనుంచి చూస్తే నీటి గీతలన్నీ ఎండిన మట్టి గీతలుగా కనిపిస్తాయి. అది చూడ్డానికి అందంగా ఉండదు కానీ, డెల్టా ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునే పిల్లలకి చాలా విషయాలు చెబుతుంది.

జులై, ఆగస్టుల సంగతి వేరే. ఎర్రనీరు, అంటే వరద నీరు, వచ్చాక ఈ కొండ మీద నిలబడి గోదారిని చూడటం ఒక జీవితకాలం గుర్తుండే అనుభవం. సూర్యుడు కనిపించకపోవచ్చు. అయినా 175 గేట్లూ ఎత్తేసినప్పుడు వచ్చే హోరు, ఇసుక తిన్నెలన్నీ మునిగి ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఒకే నీరు కావడం, ఇవి ఇంకెక్కడా ఇలా కనిపించవు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక ఉన్న రోజు కొండ మీదికి వెళ్ళొచ్చు గానీ రేవుల్లోకి దిగొద్దు. రెండో హెచ్చరిక దాటితే ఇంట్లోనే ఉండండి. ఆ సమయంలో గట్ల మీద పనిచేసేవాళ్ళకి చూడ్డానికొచ్చిన జనం పెద్ద అడ్డంకి. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు నది మధ్య లంక గ్రామాల వాళ్ళు పడవల మీద బయటపడ్డారు. అలాంటి రోజున మనం వినోదానికి వెళ్ళకూడదు.

తోడు మనిషిని ఎలా కుదుర్చుకోవాలి

అసలు తోడు ఎందుకు అని కొంతమంది అడుగుతారు. కొండ చిన్నదే, మెట్లున్నాయి, దారి తప్పేది లేదు. నిజమే. కానీ చీకట్లో మీకు కింద కనిపించేది కొన్ని దీపాల వరుసలు మాత్రమే. ఏ వరుస ఏదో చెప్పే మనిషి లేకపోతే ఆ గంటసేపూ చలిలో నిలబడి ఫోన్ చూసుకుంటారు. నేనూ మొదటిసారి అదే చేశాను.

మంచి తోడు మనిషి అంటే నా లెక్కలో నీటితో పనిచేసినవాడు. లాకుల్లో, హెడ్ స్లూయిస్ (కాలువలోకి నీరు వదిలే తూము) దగ్గర లస్కరుగా చేసినవాళ్ళు, పడవ నడిపినవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, ఆయకట్టు చివర భూమి ఉండి నీటి కోసం కొట్లాడిన రైతు. వీళ్ళకి నది ఒక దృశ్యం కాదు, లెక్క. ఏ గేటు ఎత్తితే ఎటు ఒరుసుకుంటుందో, ఏ నెలలో ఏ తిన్నె పైకి తేలుతుందో వాళ్ళకి చేతి మీద గీతల్లా తెలుసు. చరిత్ర పుస్తకాలు చదివినవాళ్ళు దొరికినా మంచిదే, కానీ ఇద్దరిలో ఒకరినే ఎంచుకోవాల్సి వస్తే నేను పడవ మనిషినే ఎంచుకుంటాను.

ఎలా వెతకాలంటే, ముందు రోజు సాయంత్రం నాలుగింటికి ధవళేశ్వరం వెళ్ళండి. కాటన్ విగ్రహం దగ్గర, లాకుల దగ్గర, గుడి మెట్ల కింద టీ కొట్ల దగ్గర అడగండి. "కాలవల ఆఫీసులో పనిచేసి రిటైరైనవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ" అంటే రెండో మనిషో మూడో మనిషో ఎవరి పేరైనా చెబుతారు. మన వైపు మర్యాద మీకు తెలిసిందే. పెద్దవాళ్ళయితే బాబాయి గారూ అనో మావయ్య గారూ అనో పిలిచి, కూర్చుని, ముందు టీ తాగి, తరవాత పని చెప్పండి. నిలబడి డబ్బు మాట ఎత్తితే "ఆయ్, దానికేముందండీ, వస్తాను లెండి" అంటారు గానీ ఉదయాన్నే రారు.

డబ్బు మాత్రం ముందే తేల్చుకోండి. ఆయన వద్దన్నా సరే. మూడు గంటల పని, అదీ తెల్లవారుజామున. ఆ రోజు కూలి రేటుకి తగ్గకుండా ఇవ్వడం న్యాయం. గుంపుగా వెళ్తే తలా కొంత వేసుకుని ఇంకొంచెం ఎక్కువ ఇవ్వండి. ఆయన మోకాళ్ళు ఎలా ఉన్నాయో కూడా అడగండి. మెట్లు ఎక్కలేనివారైతే కింద లాకుల దగ్గర కథ చెప్పించుకుని, పైకి వాళ్ళబ్బాయినో మనవడినో తోడు తీసుకెళ్ళొచ్చు.

గుంపు ఆరుగురికి మించొద్దు. అంతకన్నా ఎక్కువైతే వెనకున్నవాళ్ళకి మాట వినపడదు, తెల్లవారుజామున ఊరి వీధుల్లో గోల అవుతుంది. ఆడవాళ్ళు మాత్రమే వెళ్తుంటే ముందు రోజు కుదుర్చుకున్న మనిషి ఫోన్ నంబరు, ఆటో నంబరు ఇంట్లో చెప్పి వెళ్ళండి. నేను ఇప్పటికీ అదే చేస్తాను.

ముందు రోజు సాయంత్రం చేసుకోవాల్సినవి

మనిషిని కుదుర్చుకున్నాక వెలుగు ఉండగానే ఒకసారి మెట్లు ఎక్కి దిగండి. ఇది చాలామంది వదిలేస్తారు. చీకట్లో మెట్టు ఎక్కడ అరిగిందో, మలుపు ఎక్కడుందో ఒకసారి కాలికి తెలిస్తే మర్నాడు టెన్షన్ ఉండదు. గుడి వాళ్ళని కలిసి తెల్లవారుజామున పైకి రావచ్చా, తలుపు ఎన్నింటికి తీస్తారు, ఎక్కడ నిలబడితే వాళ్ళకి ఇబ్బంది ఉండదు అని అడగండి. అది దేవుడి కొండ, మనం అతిథులం. నవ జనార్దన క్షేత్రాల్లో ఒకటి. స్వామి తీర్థం, కళ్యాణం జరిగే రోజుల్లో సూర్యోదయం చూడ్డానికి పెట్టుకోకండి. ఆ రోజుల్లో వెళ్తే దర్శనానికే వెళ్ళండి.

ఆటో కూడా రాత్రే మాట్లాడుకోండి. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం ఏడెనిమిది కిలోమీటర్లు. పగలు బస్సులూ షేర్ ఆటోలూ ఉంటాయి గానీ తెల్లవారుజామున నాలుగున్నరకి రోడ్డు మీద నిలబడి వెతుక్కుంటే నాకైనట్టే అవుతుంది. నిడదవోలు, కొవ్వూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు సొంత బండి ఉంటే విజ్జేశ్వరం మీదుగా బ్యారేజీ దాటి రండి. చీకట్లో నాలుగు పాయల మీద నుంచి వరసగా రావడం దానికదే ఒక అనుభవం: ముందు విజ్జేశ్వరం, తరవాత మద్దూరు, ర్యాలి, చివరికి ధవళేశ్వరం. మంచు ఉంటే మాత్రం ఆ దారిలో బైకు వద్దు. కోనసీమ నుంచి వచ్చేవాళ్ళు రావులపాలెం, జొన్నాడ మీదుగా రావచ్చు, లేదా రాత్రికి రాజమండ్రిలో బంధువుల ఇంట్లో ఉండిపోవచ్చు.

సంచిలో పెట్టుకోవాల్సినవి చాలా తక్కువ. మనిషికో చిన్న టార్చి (ఫోన్ లైటు పనికొస్తుంది గానీ చేయి ఖాళీగా ఉండదు), ఒక లీటరు నీళ్ళు, తువ్వాలు, దోమల క్రీము, నాలుగు చక్రకేళి అరటిపళ్ళు. చలికాలమైతే శాలువా. నదిగాలి ఆగకుండా వీస్తుంది, ఎక్కేటప్పుడు పట్టిన చెమట పైన ఆరుతుంటే వణుకు పుడుతుంది. ఫ్లాస్కులో టీ తీసుకెళ్తే తోడొచ్చిన పెద్దాయనకి ముందు పోయండి. పాదరక్షలు తేలిగ్గా విప్పుకునేవి వేసుకోండి, పైన గుడి ఉంది కదా. అడుగు జారనివి అయి ఉండాలి. మంచు పడిన రాతిమెట్లు నూనె రాసినట్టుంటాయి. మా పిన్ని ఒకసారి కొత్త చెప్పులతో వచ్చి దిగేటప్పుడు జారి చెయ్యి మడత పడింది, ఆరు వారాలు కట్టు. అప్పట్నించి నేను అందరి చెప్పుల అడుగు తిప్పి చూశాకే బయల్దేరదీస్తాను.

గడియారం వెనక్కి లెక్కపెట్టడం

మన వైపు సూర్యోదయం నవంబరు మొదట్లో సుమారు 6:00కి, డిసెంబరు మొదట్లో 6:17కి, జనవరి మధ్యలో 6:36కి, ఫిబ్రవరి మధ్యలో 6:30కి, మార్చి మధ్యలో 6:10 ప్రాంతంలో, జూన్ మొదట్లో 5:28కి అవుతుంది. అన్నిటికన్నా ఆలస్యంగా తెల్లవారేది జనవరిలో, డిసెంబరులో కాదు. ఇది తెలియక చాలామంది సంక్రాంతికి అరగంట ముందే వచ్చి చలిలో కూర్చుంటారు.

కానీ మీరు చూడాల్సింది సూర్యోదయం ఒక్కటే కాదు. సూర్యుడు రావడానికి ముప్పావుగంట ముందు తూర్పున ఒక సన్నటి గీత మొదలవుతుంది. రంగులన్నీ వచ్చేది సూర్యుడికి అరగంట నుంచి పావుగంట ముందు మధ్యలో. ఇరవై నిమిషాల ముందే నేల మీద వస్తువులు గుర్తుపట్టేంత వెలుగు వచ్చేస్తుంది. కాబట్టి సూర్యోదయానికి కనీసం 50 నిమిషాల ముందు మీరు పైన కూర్చుని ఉండాలి. ఫిబ్రవరి లెక్క వేసుకుంటే: పైకి చేరడం 5:40కి. కింద లాకుల దగ్గర నుంచి నెమ్మదిగా నడిచి, ఎక్కి, మధ్యలో ఆగడానికి 45 నిమిషాలు, అంటే అక్కడ 4:55కి ఉండాలి. రాజమండ్రిలో 4:30కి ఆటో. లేవడం 4 గంటలకి. రాత్రి తొమ్మిదిన్నరకే పడుకోండి, మసాలా కూర వద్దు.

నడక: కింద నుంచి మొదలుపెట్టండి

ఆటోని నేరుగా మెట్ల దగ్గరికి పోనివ్వకండి. తూర్పు కాలువ మొదలయ్యే లాకుల దగ్గర దిగండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. నీళ్ళ చప్పుడు వినకుండా కొండెక్కితే పైనుంచి కనిపించేది బొమ్మలా ఉంటుంది. చీకట్లో ఐదు నిమిషాలు ఆ చప్పుడు దగ్గర నిలబడండి. తోడొచ్చిన మనిషిని కాలువలోకి నీరు ఎలా తీసుకుంటారో అక్కడే అడగండి.

ఆయన చెప్పేదాని సారాంశం ఇలా ఉంటుంది. మన ఆనకట్ట నాగార్జునసాగర్ లాగా నీళ్ళు దాచుకోవడానికి కట్టింది కాదు. నది మట్టాన్ని కొంచెం ఎత్తి, పక్క కాలువల్లోకి తనంతట తాను పారేలా చేయడానికి కట్టింది. మోటార్లు లేవు, తోడటం లేదు. కొద్దిపాటి వాలు మీద నీరు సముద్రం దాకా నడుచుకుంటూ పోతుంది. తూర్పు డెల్టాకి ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకి బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకి విజ్జేశ్వరం దగ్గర కాలువలు మొదలవుతాయి. మూడూ కలిపి పది లక్షల ఎకరాలకి పైగా. మీది డెల్టా ఊరైతే మీ ఇంట్లో అన్నం వండిన బియ్యం ఈ మూడింటిలో ఏదో ఒక దాని నీళ్ళతోనే పండి ఉంటుంది. ఏ కాలువో కనుక్కుని వెళ్ళండి, పైన ఆ దిక్కు చూస్తారు.

అక్కడ నుంచి ఊళ్ళోంచి మెట్ల దాకా నడక. ఇళ్ళ ముందు కళ్ళాపి చల్లుతుంటారు. గట్టిగా మాట్లాడొద్దు, టార్చి ఇళ్ళ మీదికి వేయొద్దు. ముందు తోడు మనిషి, చివర మీలో కాస్త గట్టి మనిషి, మధ్యలో పిల్లలూ పెద్దలూ. మెట్ల మీద వేగం ఎవరు తక్కువ నడుస్తారో వాళ్ళది. మాట్లాడుతూ ఎక్కగలిగితే సరైన వేగం, మాట ఆగిపోతోందంటే తగ్గించండి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు ముందే డాక్టర్ని అడిగి రండి.

సగం దూరం ఎక్కాక ఒకసారి ఆగి టార్చీలన్నీ ఆర్పేయండి. ఒకటి రెండు నిమిషాలు ఏమీ కనిపించదు. తరవాత కళ్ళు అలవాటు పడి రాతి అంచులు, చెట్లు, కింద నీటి మీద మసక వెలుగు బయటికొస్తాయి. ఇక్కడే కొండ సంగతి చెప్పించుకోండి. సర్ ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తి చేసినప్పుడు రాయి కోసం దూరం వెళ్ళలేదు. ధవళేశ్వరం కొండల్లోనే తవ్వారు. ఆ రాయి నదికి చేర్చడానికి 1845లోనే ఇక్కడ పట్టాలు వేశారు. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు బొంబాయి నుంచి ఠాణాకి నడిచింది 1853లో. దానికి ఎనిమిదేళ్ళ ముందే ఈ ఊళ్ళో రాళ్ళ బళ్ళు పట్టాల మీద నడిచాయి. మెట్టు మీద ఆగి పక్క రాతి మీద చెయ్యి పెట్టి చూడండి. ఈ కొండల రాయి ఒక ముక్క పైన ఉంది, ఒక ముక్క గోదారి అడుగున ఉంది.

పైన: దిక్కు దిక్కుకీ తిరగడం

చేరగానే గుడికి నమస్కారం పెట్టుకుని, ముందు రోజు చూసుకున్న చోట కూర్చోండి. నీళ్ళు తాగండి. తువ్వాలుతో చెమట తుడుచుకుని శాలువా కప్పుకోండి. ఇక్కడి నుంచి తొందర లేదు. నేను అందరినీ ఒకే వరుసలో తిప్పుతాను, ఎందుకంటే వెలుగు కూడా ఆ వరుసలోనే వస్తుంది.

చీకటి ఉండగా ఉత్తరం. రాజమండ్రి దీపాలు. నగరం నది వెంట పొడుగ్గా పరుచుకుని ఉంటుంది. మంచు లేకపోతే వంతెనల దీపాల వరుసలు నది మీద అడ్డంగా కనిపిస్తాయి. 1900లో రైళ్ళకి తెరిచిన హేవలాక్ వంతెన మీద 1997 తరవాత రైలు నడవడం లేదు. దాని పని తీసుకున్నది ఆర్చి వంతెన. రోడ్డూ రైలూ కలిసి నడిచే వంతెన 1974 నాటిది. రాత్రి రైలు ఒకటి దాటుతుంటే వెలిగిన కిటికీల గీత నది మీద కదులుతూ పోతుంది. పిల్లలు దీని కోసం మళ్ళీ వస్తామంటారు. ఆ వైపునే ఇంకా పైన, ఇక్కడికి సుమారు 42 కిలోమీటర్ల దూరంలో పోలవరం.

తూర్పున గీత మొదలయ్యాక ఆగ్నేయం. కొబ్బరి తలల మీద మొదటి రంగు వచ్చే దిక్కు చలికాలంలో ఇదే. శీతాకాలంలో సూర్యుడు సరిగ్గా తూర్పున రాడు, కాస్త దక్షిణానికి జరిగి వస్తాడు. అంటే గౌతమి పాయ సాగిపోయే వైపు. వేసవిలో అదే సూర్యుడు ఈశాన్యానికి జరిగిపోతాడు, అందుకే జూన్‌లో వచ్చినవాళ్ళకి ఈ వరుస కుదరదు. ఇటువైపే కడియం నర్సరీలు, వాటి వెనక ఆలమూరు, మండపేట, ఇంకా దూరాన రామచంద్రపురం. వాటికి నీళ్ళు ఇచ్చేది ఇందాక మీరు చప్పుడు విన్న కాలువే. అదే చీలి కాకినాడ వైపు, సామర్లకోట వైపు, కోరంగి వైపు, మండపేట వైపు పోతుంది.

తరవాత దక్షిణం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దిక్కు, అందరూ వదిలేసేది కూడా. ఆనకట్టకి దిగువన నది రెండుగా విడిపోవడం ఇక్కడి నుంచి తెలుస్తుంది. ఎడమ వైపు గౌతమి, కుడి వైపు వశిష్ఠ. గౌతమి యానాం దగ్గరికి, వశిష్ఠ అంతర్వేది దగ్గరికి. రెంటి మధ్య ఇరుక్కున్న నేలే కోనసీమ. త్రయంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే నది ఇక్కడికొచ్చాక ఇక తొందర లేనట్టు చేతులు చాపుతుంది. అది మోసుకొచ్చిన ఒండ్రు వేల ఏళ్ళు పేరుకుంటేనే మనం నిలబడే నేల ఏర్పడింది. డెల్టావాసులు ఎవరైనా తోడుంటే ఈ దిక్కు చూపించి మీ ఊరు ఏ పాయ పక్కన అని అడగండి. చాలామందికి అప్పటికప్పుడు చెప్పడం రాదు. వేలితో గాలిలో గీసుకుని, ఆలోచించి చెబుతారు. మా నాన్నగారు డెబ్భై ఏళ్ళ వయసులో మొదటిసారి ఇక్కడికొచ్చి తన ఊరి దిక్కు చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సూర్యుడు రాగానే పడమర. ఇందాక చెప్పిన మాటే: సూర్యుడికి వీపు పెట్టండి. వెలుగు మీ తల మీదుగా వెళ్ళి ముందు అవతలి ఒడ్డు మీద పడుతుంది, తరవాత నీటి మీదికి, చివరికి మీ కింద ఉన్న గేట్ల మీదికి. ఈ మొత్తం పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ పది నిమిషాలూ ఫోన్లు సంచిలో పెట్టమని తోడు మనిషి చేతే చెప్పించండి. మనం చెబితే వినరు గానీ పెద్దాయన చెబితే వింటారు.

ఇప్పుడు గేట్లు లెక్కపెట్టొచ్చు. ధవళేశ్వరం పాయ మీద 70, ర్యాలి మీద 43, మద్దూరు మీద 23, విజ్జేశ్వరం మీద 39. పాయల మధ్య లంకలు, దగ్గరలో పిచ్చుకలంక. ఇప్పుడు కనిపించే బ్యారేజీ కాటన్ కట్టింది కాదు. ఆయన ఆనకట్ట పాతబడ్డాక కట్టి 1982లో జాతికి అంకితం చేసింది. పేరు మాత్రం ఆయనదే ఉంచారు. 1830లలో కరువులు, 1839లో కోరంగిని ముంచిన తుఫాను, ఇంతటి నది పక్కనే ప్రవహిస్తున్నా తిండి లేక చనిపోయిన జనం: ఆనకట్ట వెనక ఇవన్నీ ఉన్నాయి. కూలీలని కూడగట్టడంలో, పని నడిపించడంలో కాటన్‌కి కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. గోదావరి స్నానం చేసేటప్పుడు సంకల్పంలో కాటన్‌ని తలుచుకునే పురోహితులు ఇప్పటికీ మన వైపు ఉన్నారు. ఒక విదేశీ ఇంజినీరు పేరు సంకల్పంలోకి ఎందుకు వచ్చిందో ఈ కొండ మీద, ఆ వెలుగులో, కింద పచ్చదనం చూస్తుంటే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

నీటి మీద నల్లటి చుక్కలు కదులుతుంటే అవి చేపల పడవలు. వరద తగ్గుతున్న రోజుల్లో అయితే పులస కోసం. సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే ఆ చేపకి ఈ ఆనకట్టే చివరి గడప. ఇది దాటి పైకి పోలేదు కాబట్టే ఈ చుట్టుపక్కల వలల్లో పడుతుంది.

ఫోటోలు ఇప్పుడు తీసుకోండి. గుడి లోపల అడక్కుండా తీయొద్దు. డ్రోన్ అనుమతి లేకుండా ఎగరేయొద్దు, కింద ఉన్నది బ్యారేజీ. అరటి తొక్కలూ టీ కప్పులూ వెనక్కి తీసుకురండి.

మంచు కమ్మేస్తే

వచ్చిన రోజు ఏమీ కనిపించకపోతే వెంటనే దిగిపోకండి. మంచు ఒక్కసారిగా తొలగదు, అక్కడక్కడా చిరుగుతుంది. ముందు దగ్గర కొబ్బరి తలలు తేలుతాయి, తరవాత బ్యారేజీ ఒక చివర. ఎనిమిదింటి దాకా ఓపిక పట్టండి. ఆ సమయం చెవులకి పని చెప్పండి: నీటి చప్పుడు ఎక్కడ గట్టిగా ఉందో, ఏ వైపు నుంచి గుడి మైకు, ఏ వైపు నుంచి లారీలు. తోడొచ్చిన పెద్దాయన చేత వరదల కథలు చెప్పించుకోండి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళయితే గంట సరిపోదు. ఆ ఏడు భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది.

దిగడం, ఆ తరవాత

మంచు లేని రోజైతే ఏడున్నరకి దిగడం మొదలుపెట్టండి. దిగేటప్పుడే ఎక్కువమంది పడతారు. మెట్టుకి అడ్డంగా కాస్త పక్కకి తిరిగి దిగితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. మంచు తడి ఆరలేదంటే ఇంకో పావుగంట ఆగండి.

కింద కాటన్ మ్యూజియం తెరిచే సమయం కనుక్కుని, కుదిరితే చూసి వెళ్ళండి. పైన చూసినవన్నీ అక్కడ నమూనాలుగా, పాత పనిముట్లుగా ఉంటాయి. పైన చూడకుండా మ్యూజియానికి వెళ్ళినవాళ్ళు పావుగంటలో బయటికొచ్చేస్తారు. చూసి వెళ్ళినవాళ్ళని బయటికి లాక్కురావాలి. ఇంకా ఓపిక ఉంటే కడియపులంక నర్సరీల వైపు వెళ్ళొచ్చు. బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటి ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు చుట్టడం చూడొచ్చు.

కానీ ముందు టిఫిను. తోడొచ్చిన ఆయన్ని కూడా కూర్చోబెట్టి పెసరట్టు ఉప్మా పెట్టించండి. ఒప్పుకున్న డబ్బు ఆయన చేతిలో అక్కడే, తినేముందే పెట్టండి, తిన్నాక ఇస్తే అది టిఫినుతో కలిసిపోయినట్టు ఉంటుంది. మీ గుంపులో పిల్లలుంటే పైన ఏ దిక్కున ఏముందో ఒక కాగితం మీద గీసి ఆయనకి చూపించమనండి. మా మేనకోడలు గీసిన కాగితంలో ఆయన వశిష్ఠని పెన్నుతో కొంచెం పడమటికి జరిపి, పి.గన్నవరం దగ్గర దాన్నుంచి వైనతేయ పాయ చీలే చోట ఒక చుక్క పెట్టి, "వచ్చేసారి వరదకి రండి అమ్మా, ఇదంతా ఒకటే నీరు" అన్నారు. ఆ కాగితం మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఉంది. ఆగస్టులో ఆయనకి ఫోన్ చేయాలి.